చిత్తుప్రతి, శుద్ధప్రతి

రేడియో కేంద్రంలో పనిచేసేవారికి బాగా పరిచయమైన నడవ ఒకటి ఉంటుంది. దానికి ఒక వైపున రిహార్సలు గది, వేరొక వైపున ప్రసారం జరిగే స్టూడియో. మొదటి గదిలో నటుని మాట తడబడవచ్చును. వైణికుడు ఆగి శ్రుతి సరిచేసుకొనవచ్చును. నిర్మాత ఒక వాక్యాన్ని కొట్టివేసి వేరొకటి వ్రాయవచ్చును. రెండవ గది తలుపుపైన ఎర్రదీపం వెలిగిన తరువాత ఆ స్వేచ్ఛ లేదు. అప్పుడు పలికిన మాట పలికినట్లుగానే మీ ఇంటికి చేరుతుంది. తప్పు పలికితే తప్పే చేరుతుంది.

తయారయ్యే చోటు వేరు, పదిమందికీ అందే చోటు వేరు అన్న ఈ వివేకం మనకు కొత్త కాదు. దుకాణదారు నాటి బేరసారాలను ముందుగా చిట్టాలో వ్రాసుకొని, సరిచూచుకొని, పిదప పద్దులవారీగా ఆవర్జాకు ఎక్కించేవాడు. గ్రంథకర్త చిత్తుప్రతిలో ఎన్ని కొట్టివేతలైనా చేసి, అచ్చుకు శుద్ధప్రతిని పంపేవాడు. చిత్తునూ శుద్ధాన్నీ ఒకేచోట కలిపివేస్తే ఏమవుతుందో నా అనుభవమే చెబుతుంది. పదిహేనేళ్ళ నాడు నేనొక కేంద్రంలో ఉండగా, ఒక పండితుని వర్ధంతినాడు చదవవలసిన ప్రసంగపు రెండు ప్రతులనూ ఒకే అట్టలో పెట్టుకొన్నాను. వేళకు చేతికి వచ్చినది దిద్దని ప్రతి. దానిలో ఆయన పుట్టిన సంవత్సరం తప్పు. ఆ తప్పును స్పష్టమైన ఉచ్చారణతో చదివి బయటికి వచ్చినాను. వారం తిరుగకుండా ఆయన కుమార్తె వద్దనుండి ఉత్తరం వచ్చినది. అందులో కోపం లేదు. సరియైన సంవత్సరం మాత్రం ఉన్నది. నాటినుండి నా బల్లమీద రెండు అట్టలు ఉంటున్నవి.

ఈనాడు చెప్పబోయే కథ కాగితాలది కాదు, వెబ్‌సైటు ఫైళ్ళది. వెబ్‌సైటు అన్నమాట వినగానే తెరమీది బొమ్మ కళ్ళకు కడుతుంది. లోపలికి వెళ్ళి చూస్తే అది కొన్ని ఫైళ్ళ సముదాయం. కొన్నింటిలో పాఠం, కొన్నింటిలో చిత్రాలు, కొన్నింటిలో యంత్రానికి ఇచ్చే ఆజ్ఞలు. వీటిని రాత్రింబవళ్ళు మేలుకొని ఉండే ఒక కంప్యూటరులో ఉంచుతారు. అడిగినవారికి అడిగిన పుట అందించడం దాని పని గనుక దానిని సర్వరు అంటారు. మీరు రైలు టికెట్టు కొన్నా, పిల్లవాని పరీక్షాఫలితం చూచినా, అటువంటి ఒక సర్వరులోని ఫైళ్ళే మీకు బదులు చెబుతున్నవి. ఆ ఫైళ్ళను ఎవరో ఎక్కడనో కూర్చుండి తయారుచేయాలి. తయారైనవాటిని సర్వరుకు చేర్చాలి. తయారుచేసే తావును ఆ వృత్తివారు డెవలప్‌మెంటు అనీ, ప్రజలకు అందే తావును ప్రొడక్షను అనీ వ్యవహరిస్తారు. ఈ రెండు తావుల నడుమ హద్దు ఎట్లా ఏర్పడినది, హద్దు లేనినాడు ఏమి పోయినది, హద్దును దాటించే దారి ఎట్లా కుదురుకొన్నది అన్నదే ఈ వ్యాసవిషయం.

మొదట హద్దు అన్నదే లేదు. స్విట్జర్లండులో జెనీవా నగరపు పొలిమేరలో సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధనసంస్థ ఉన్నది. అక్కడ పనిచేస్తూ ఉండిన టిమ్ బెర్నర్స్-లీ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు, దేశదేశాల పరిశోధకుల పత్రాలను ఒకదానితో ఒకటి ముడివేసే పద్ధతిని 1989 మార్చిలో ప్రతిపాదించినాడు. 1990 చివరికి నెక్స్ట్ అనే నల్లని కంప్యూటరుపైన తొలి వెబ్ సర్వరునూ తొలి బ్రౌజరునూ నడిపి చూపినాడు. ఆయన పనిచేసుకొనే యంత్రమే లోకానికి సర్వరు. దారినపోయేవారెవరైనా దాని మీట నొక్కి ఆపివేస్తే, ఆనాటికి భూమిమీద ఉన్న వెబ్ అంతా ఆగిపోయేది. అందువల్ల, ఇది సర్వరు, దీనిని ఆపవద్దు అని ఎర్రసిరాతో చీటీ వ్రాసి దానికి అంటించినారు. ఆనాటికి ఉన్న రక్షణ అదే.

ఆయన తయారుచేసిన బ్రౌజరులో మరొక విశేషం ఉన్నది. దానితో పుటను చదవవచ్చును, అక్కడికక్కడే దిద్దవచ్చును. చదవడం, వ్రాయడం అనేవి వేరు పనులు కాకూడదన్నది ఆయన ఆశయం. కొద్దిమంది పరిశోధకుల మధ్య అది మంచి ఏర్పాటే. కాని దిద్దిన ప్రతిసారీ పాతరూపం పైన కొత్తరూపం పడిపోతుంది. పలకమీద తుడిచి వ్రాసినట్లు, కిందటి రాత మిగలదు.

ఆ సంగతి చాలా ఏళ్ళ తరువాత గాని బోధపడలేదు. సెర్న్ సంస్థ వెబ్ సాధనాలను ఎవరైనా ఉచితంగా వాడుకొనవచ్చునని 1993 ఏప్రిల్ 30న ప్రకటించినది. ఆ ఉదారకార్యానికి 20 ఏళ్ళు నిండిన 2013లో, తొలి వెబ్‌సైటును దాని పాత చిరునామాలోనే తిరిగి నిలపాలని ఆ సంస్థవారు పూనుకొన్నారు. తీరా వెదకి చూస్తే వారికి దొరికిన పాతప్రతి 1992 నాటిది. ఈ వార్త విని, అమెరికాలోని ఉత్తర కెరొలినా విశ్వవిద్యాలయపు అధ్యాపకుడు పాల్ జోన్స్ తన పాత యంత్రంలో 1991 నాటి ప్రతి ఒకటి ఉన్నదని ముందుకు వచ్చినాడు. 1990 నాటి మొట్టమొదటి రూపం మాత్రం చేతికి రాలేదు. వందల ఏళ్ళనాటి తాటాకులు మనవద్ద ఉన్నవి. మన కళ్ళయెదుట పుట్టిన వెబ్‌కు పుట్టినప్పటి ముఖం ఎవరివద్దా లేదు. దానిని దొంగలెవరూ ఎత్తుకొనిపోలేదు, అగ్నిప్రమాదమూ జరుగలేదు. చిత్తుప్రతీ శుద్ధప్రతీ ఒకటే అయినందువల్ల, పని సాగుతూ ఉండగానే అది చెరిగిపోయినది.

వెబ్ వ్యాపించినకొద్దీ సర్వరులు వేరే గదులకూ, వేరే ఊళ్ళకూ తరలిపోయినవి. వ్రాసేవాడు తన బల్లవద్ద ఫైలు తయారుచేసుకొని దూరపు సర్వరుకు పంపవలసి వచ్చినది. అందుకు కావలసిన వాహనం అప్పటికే సిద్ధంగా ఉన్నది. దాని కర్త మన దేశస్థుడు. కాన్పూరు ఐ.ఐ.టి. తొలి తరగతిలో చదివి, అమెరికాలోని ఎం.ఐ.టి. చేరిన అభయ్ భూషణ్, ఒక కంప్యూటరునుండి మరొకదానికి ఫైళ్ళను పంపే నియమావళిని 1971 ఏప్రిల్‌లో వ్రాసినాడు. ఎఫ్.టి.పి. అని దానికి పేరు. వెబ్ పుట్టుకకు అది సుమారు ఇరవై ఏళ్ళు పెద్దది. 1990ల దశకంలో వెబ్‌సైటు నడిపినవారిలో చాలామంది దాని సాయంతోనే తమ ఫైళ్ళను సర్వరుకు మోసినారు.

వాహనం మంచిదే, మోసే మనిషికి మాత్రం కట్టుబాటు లేదు. ఏ ఫైలును మార్చినామో జ్ఞాపకం ఉంచుకొని దానిని మాత్రమే పంపాలి. ఇరవై మార్చి పందొమ్మిది పంపితే మిగిలిన ఆ ఒక్కదానివల్ల పుటంతా చెడుతుంది. ఇద్దరు ఒకే ఫైలును దిద్ది పంపితే రెండవవాని ప్రతి కింద మొదటివాని శ్రమ అణగిపోతుంది; అణగినదని తెలియజేసే గుర్తు కూడా ఉండదు. ఈ భయంతో పాతప్రతిని దాచుకోవాలని చాలామంది ఫైలు పేరు మార్చేవారు. ఒకటి పాతది, ఒకటి కొత్తది, ఒకటి ఆఖరిది, ఇంకొకటి అసలైన ఆఖరిది. ఆరునెలలు తిరిగేసరికి వీటిలో ప్రజలకు అందుతున్నది ఏదో వ్రాసినవానికే తెలియదు.

ఈ అలవాటులో ఇంకొక ప్రమాదం దాగి ఉన్నది. ఆజ్ఞలు గల ఫైలును దాని పేరు తోకనుబట్టి సర్వరు గుర్తుపట్టి, ఆ ఆజ్ఞలను నెరవేర్చి, ఫలితాన్ని మాత్రమే పాఠకునికి పంపుతుంది. అదే ఫైలుకు పాతది అన్న తోక తగిలించి సర్వరులోనే వదలివేస్తే, అది ఆజ్ఞల ఫైలని సర్వరు గుర్తించలేక, మామూలు కాగితమనుకొని లోపలి రాతనంతా అడిగినవాని చేతిలో పెడుతుంది. ఆ రాతలో సంస్థ తాలూకు రహస్యపు పాస్‌వర్డు కూడా ఉండవచ్చును. చిత్తుకాగితాలను వీధి అరుగుమీద వదలి ఇంటికి తాళం వేసుకొన్నట్లే ఇది.

1990ల నడుమనే కొన్ని సవరణలు వచ్చినవి. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా నగరంలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ అనేవారు 1996లో ఆర్‌సింక్ అనే సాధనాన్ని వెలువరించినారు. అది రెండు తావులలోని ఫైళ్ళను పోల్చి, తేడా ఉన్న భాగాన్ని మాత్రమే పంపుతుంది. ఏది మారినదో జ్ఞాపకం ఉంచుకొనే భారం మనిషిమీదనుండి యంత్రంమీదికి మారినది. 1997లో వచ్చిన డ్రీమ్‌వీవర్ అనే సాధనం, మీ బల్లవద్ద ఉన్న ఫోల్డరు ఏది, దూరాన ఉన్న ఫోల్డరు ఏది అని రెండింటినీ విడివిడిగా నమోదు చేయించుకొనేది. రెండు అట్టలు అన్న భావన ఈ విధంగా సామాన్య వెబ్ రచయితకు చేరినది.

తావులు రెండైనంతమాత్రాన చాలదు. నిన్నటి చిత్తు ఏది, మొన్నటిది ఏది, ఎవరు దేనిని ఎందుకు మార్చినారు అన్న లెక్క కూడా కావాలి. ఈ లెక్కను వెబ్ పుట్టకముందే వేరొక కులవృత్తివారు, అనగా ప్రోగ్రాములు వ్రాసేవారు, సాధించి పెట్టుకొన్నారు. 1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మార్క్ రాచ్‌కైండ్ అనే ఇంజనీరు, ఫైలులో జరిగిన ప్రతిమార్పునూ తేడా రూపంలో నిలవచేసే సాధనాన్ని రచించినాడు. పూర్తి ప్రతులు పది దాచనక్కరలేదు. తేడాలు దాస్తే ఏ నాటి ప్రతినైనా తిరిగి కట్టుకొనవచ్చును. 1982లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ దీనిని తిరగవేసినాడు. తాజాప్రతిని పూర్తిగా ఉంచి, వెనుకకు పోవడానికి కావలసిన తేడాలను దాచినాడు. రోజూ కావలసినది తాజాప్రతియే గనుక ఈ పద్ధతిలో పని వేగంగా సాగినది.

ఆ తరువాతి మెట్టు ఒక గురువుకూ ఇద్దరు శిష్యులకూ వచ్చిన చిక్కునుండి పుట్టినది. ఆమ్‌స్టర్‌డాం నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో డిక్ గ్రూనే అనే ఆచార్యుడు ఇద్దరు విద్యార్థులతో కలిసి ఒక ప్రోగ్రాము వ్రాస్తున్నాడు. ఒక విద్యార్థి ఆఫీసు వేళలలో క్రమంగా పనిచేసేవాడు. రెండవవానికి వేళాపాళా లేదు. ఆచార్యునికి సాయంకాలాలు మాత్రమే తీరిక. ఒకరు ఫైలుకు తాళం వేసుకొని ఇంటికిపోతే మిగిలిన ఇద్దరూ చేతులు కట్టుకొని కూర్చోవలసినదే. అందువల్ల ముగ్గురూ ఎవరి ప్రతిమీద వారు పనిచేసుకొని, పిదప మార్పులను కలుపుకొనే సాధనాన్ని ఆయన రచించి 1986లో లోకానికి ఇచ్చినాడు. సి.వి.ఎస్. అనే పేరుతో అది చాలాకాలం వాడుకలో ఉండినది.

2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ అనే సాధనాన్ని రచించినాడు. లైనెక్స్ వ్యవస్థను తయారుచేసే బృందం అంతవరకు ఒక కంపెనీవారి సాధనాన్ని ఉచితంగా వాడుకొంటూ ఉండేది. ఇంతకుముందు చెప్పిన ఆండ్రూ ట్రిడ్జెలే ఆ సాధనపు సర్వరు మాట్లాడే భాషను విప్పి చూడబూనినాడన్న వివాదంలో కంపెనీ ఆ ఉచిత అనుమతిని ఉపసంహరించుకొన్నది. టోర్వాల్డ్స్ ఆ ఏప్రిల్‌లో తన సాధనాన్ని తానే మొదలుపెట్టి, కొద్దిరోజులలోనే పనికి వచ్చే దశకు తెచ్చినాడు. గిట్‌లో మొత్తం ఫైళ్ళ స్థితికి, అంకెలూ అక్షరాలూ కలిసిన 40 స్థానాల గుర్తు ఒకటి ఏర్పడుతుంది. ఆ గుర్తును మనిషి పెట్టడు. ఫైళ్ళలోని రాతనుండి గణితమే దానిని తీస్తుంది. ఒక్క కామా మారినా గుర్తు మారిపోతుంది. ఆఖరిది, అసలైన ఆఖరిది అనే పేర్ల గొడవ దీనితో తీరినది. డెవలప్‌మెంటులో పరీక్షించిన ప్రతీ, ప్రొడక్షనులో నిలిచిన ప్రతీ ఒకటేనా అని అడిగితే, రెండు గుర్తులను పక్కపక్కన పెట్టి చూచుకొంటే చాలును.

ఇక మోసుకొనిపోయే దారి. 2005, 2006 సంవత్సరాలలో జేమిస్ బక్ అనే ఇంజనీరు రచించిన కాపిస్ట్రానో అనే సాధనం, సర్వరులో ఫైళ్ళను అమర్చే ఒక చక్కని పద్ధతిని వ్యాప్తికి తెచ్చినది. దానిలో మూడు భాగాలు ఉంటవి. విడుదలల ఫోల్డరు మొదటిది. ప్రతి విడుదలకూ దానిలో తేదీ, వేళలే పేరుగా ఒక కొత్త అర ఏర్పడుతుంది. పాత అర జోలికి పోరు. రెండవది షేర్డ్ అనే ఫోల్డరు; ప్రజలు పంపిన చిత్రాలు, సర్వరు వ్రాసుకొనే దినచర్యల వంటి, విడుదలతో మారకూడని వస్తువులు అందులో ఉంటవి. మూడవది ఫోల్డరు కాదు, కరెంట్ అనే పేరుగల చూపుడుపలక. ఈ క్షణాన ప్రజలకు ఏ అరలోని ఫైళ్ళు అందాలో అది చూపుతుంది. కొత్త విడుదల ఫైళ్ళన్నీ చేరి, సరిచూచిన తరువాతనే పలకను అటు తిప్పుతారు. సగం పాత, సగం కొత్త అయిన పుట పాఠకుని కంటబడదు. తప్పు బయటపడితే పలకను వెనుకకు తిప్పుతారు. నిన్నటి అర నిన్నటిలాగే ఉన్నది.

కొన్ని వస్తువులు మాత్రం రెండు తావులలోనూ ఒకటిగా ఉండకూడదు. డేటాబేసు చిరునామా, పాస్‌వర్డులు అటువంటివి. డెవలప్‌మెంటు ప్రతిలో అసలు డేటాబేసు చిరునామా ఉంటే, పరీక్ష కోసం చెరిపిన పద్దు నిజంగానే చెరిగిపోతుంది. హెరోకు సంస్థకు చెందిన ఆడమ్ విగ్గిన్స్ 2011లో పన్నెండు సూత్రాల పత్రాన్ని ప్రకటించి ఈ విషయాన్ని తేటపరచినాడు. తావునుబట్టి మారేవాటిని ఫైళ్ళలో వ్రాయక, ఆ యా తావులే అందించేటట్లు చేయవలెనని ఒక సూత్రం. మీ ఫైళ్ళన్నింటినీ ఈ క్షణాన లోకానికి బయలుపరచినా రహస్యమేదీ పొక్కకుండా ఉంటే మీ అమరిక సరియైనది అని దానికి ఒరగల్లు. రెండు తావులూ వీలైనంత పోలికగా ఉండవలెనని ఇంకొక సూత్రం. రిహార్సలు గదిలో ఒక రకం మైకు, స్టూడియోలో వేరొక రకం మైకు ఉంటే రిహార్సలు వల్ల ప్రయోజనం సగమే గదా! ఈ పోలిక కోసమే పెద్ద సంస్థలు రెంటి నడుమ స్టేజింగు అనే మూడవ తావును ఏర్పరచుకొన్నవి. అక్కడ అన్నీ అసలు మాదిరే. ప్రేక్షకులు మాత్రం ఉండరు.

ఇంత తెలిసిన కాలంలోనే, దారి సరిగా లేనందువల్ల ఒక పెద్ద సంస్థ కూలిపోవలసి వచ్చినది. అది వెబ్‌సైటు కాదు, వాటాల వ్యాపారం చేసే సంస్థ. కాని ఫైళ్ళను సర్వరులకు చేర్చే పని ఎక్కడైనా ఒకటే. అమెరికాలోని నైట్ కాపిటల్ అనే ఆ సంస్థకు వాటాల ఆర్డర్లను పంపే సర్వరులు 8 ఉండేవి. 2012 జూలై చివరిలో కొత్త ప్రోగ్రామును వాటికి చేర్చినారు. చేర్చిన సాంకేతికుడు 7 సర్వరులకు చేర్చి, 8వదానిని విడిచినాడు. సరిచూచే రెండవ మనిషి లేడు. ఉండవలెనన్న వ్రాతపూర్వకమైన నియమమూ లేదు. ఆ 8వ సర్వరులో 2003 నాటినుండి వాడుకలో లేని పాత ప్రోగ్రాము ఒకటి పడి ఉన్నది. దానిని మేలుకొలిపే సంకేతాన్నే కొత్త ప్రోగ్రాముకు వాడుకొన్నారు. ఆగస్టు 1న వ్యాపారం మొదలుకాగానే ఆ పాత ప్రోగ్రాము మేలుకొని ఆర్డర్లు కురిపించసాగినది.

45 నిమిషాలలో 154 కంపెనీల వాటాలలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగిపోయినవి. కారణం తెలియని సిబ్బంది, తప్పు కొత్త ప్రోగ్రాములో ఉన్నదనుకొని, బాగున్న 7 సర్వరులనుండి దానిని తీసివేసినారు. దానితో వాటిలోని పాత ప్రోగ్రాములు కూడా లేచినవి. నష్టం 46 కోట్ల డాలర్లు దాటినదని ప్రభుత్వ నియంత్రణ సంస్థ తేల్చి, 2013 అక్టోబరులో కోటీ 20 లక్షల డాలర్ల జరిమానా విధించినది. నాటి ఉదయం, వ్యాపారం మొదలుకాకముందే, లోపాన్ని సూచించే 97 ఈమెయిళ్ళను యంత్రమే సిబ్బందికి పంపినదని ఆ విచారణలో బయటపడినది. వాటిని పట్టించుకొన్నవారు లేరు. 2013లోనే ఆ సంస్థ వేరొక సంస్థలో కలిసిపోయినది.

ఈ కథలో ఆ సాంకేతికుని ఒక్కని నిందించడం తేలిక. ఎనిమిదింటిలో ఒకటి మరచిపోవడం మనిషికి సహజం. మరచినాడని చెప్పే లెక్క లేకపోవడం, పనికిరాని పాతఫైలును సుమారు తొమ్మిదేళ్ళపాటు అసలు తావులోనే ఉండనివ్వడం, తిరిగి నిన్నటి స్థితికి పోయే దారి ముందుగా పరీక్షించి ఉంచుకొనకపోవడం, ఇవి సంస్థ తప్పులు.

రెండవ కథ ఇంకా దగ్గరిది. గిట్‌లాబ్ అనే సంస్థ ఇతరుల ప్రోగ్రాములను తన వెబ్‌సైటులో భద్రపరచే వ్యాపారం చేస్తుంది. 2017 జనవరి 31 రాత్రి, పొద్దుపోయేవరకు పనిచేస్తున్న ఒక ఇంజనీరు, సహాయక సర్వరులోని పాడైన డేటాబేసు ఫోల్డరును తుడిచివేయబోయి, ప్రధాన సర్వరులోని ఫోల్డరును తుడిచివేసినాడు. రెండింటి తెరలూ ఒకే తీరున ఉన్నవి. ఒకటి రెండు సెకండ్లలో పొరపాటు గ్రహించి ఆపినాడు. అప్పటికే సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రమే మిగిలినది. బ్యాకప్‌ల కోసం వెదకినారు. రోజువారీ నకళ్ళు తీసే పని చాలాకాలంగా విఫలమవుతున్నదని అప్పుడు తెలిసినది. విఫలమైనదని చెప్పే ఈమెయిళ్ళు కూడా ఎవరికీ చేరలేదు.

చివరకు వారిని కాపాడినది స్టేజింగు తావు. ప్రమాదానికి ఆరుగంటల ముందు అదే ఇంజనీరు, స్టేజింగులో ఒక పరీక్ష కోసం అసలు డేటాబేసుకు నకలు తీసి ఉంచినాడు. ఆ నకలునుండే వెబ్‌సైటును తిరిగి నిలిపినారు. అందుకు దాదాపు 18 గంటలు పట్టినది. ఆ ఆరుగంటల నడుమ ప్రజలు చేర్చిన సుమారు 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు తిరిగి రాలేదు. ఆ సంస్థవారిలో మెచ్చవలసిన గుణం ఒకటి ఉన్నది. జరిగినది దాచలేదు. పునరుద్ధరణ పనిని జరుగుతూ ఉండగానే లోకానికి ప్రత్యక్షంగా చూపినారు. కారణాలను వివరంగా ప్రకటించినారు. ఇంజనీరు పేరు బయటపెట్టి అతనిని బలిచేయలేదు.

తావులు రెండుగా విడదీయాలన్నంతమాత్రాన మనుషులను కూడా విడదీయాలని కాదు. చాలా సంస్థలలో తయారుచేసేవారు ఒక జట్టు, సర్వరులను కాచేవారు వేరొక జట్టు. కొత్త తేవాలని వారు, ఉన్నది చెడకూడదని వీరు. చాలాకాలం ఈ రెండు జట్లూ గోడకు చెరొకవైపున నిలిచి తగవులాడుకొన్నవి. 2009లో ఫ్లికర్ అనే చిత్రాల వెబ్‌సైటుకు చెందిన జాన్ ఆల్‌స్పా, పాల్ హామండ్ ఒక సభలో తమ అనుభవాన్ని వివరించినారు. తాము రోజుకు పదిసార్లకు పైగా కొత్త ఫైళ్ళను ప్రజలముందుకు పంపుతున్నామని చెబితే సభ్యులు ఆశ్చర్యపడినారు. వారి రహస్యం సాహసం కాదు. ప్రతిసారీ పంపేది చిన్న మార్పు. పంపే దారి ఒక్కటే. ఆ దారిని రెండు జట్లూ కలిసి వేసుకొన్నవి. ఆరునెలలకొకసారి బండెడు సామాను మోయడంకంటె, రోజూ చేతిసంచి మోయడంలో జారిపడే భయం తక్కువ.

ఈ ముప్పదియైదు ఏళ్ళ చరిత్రను కూడదీసుకొని చూస్తే, సాధనాల పేర్లు మారుతూ వచ్చినవి, ఇకముందూ మారుతవి. నిలిచిన నియమాలు కొన్నే. ప్రజలకు అందే ఫైలును అక్కడే కూర్చుండి దిద్దరాదు. ప్రతిమార్పుకూ లెక్క ఉండాలి. ఒక తావునుండి వేరొక తావుకు దారి ఒక్కటే ఉండాలి. వెనుకకు వచ్చే దారిని అవసరం పడకముందే నడిచి చూచుకోవాలి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నట్లు లెక్క కాదు. ఇవి కంప్యూటరు వారికి మాత్రమే చెందిన నియమాలని నేననుకోను. ఇంటి దస్తావేజులను, కుటుంబపు ఛాయాచిత్రాలను ఒకే ఫోనులో ఉంచుకొని, అక్కడే చెరిపి, అక్కడే దిద్దుకొనే మనందరికీ ఇవి పనికివచ్చేవే.

గిట్‌లాబ్ సంస్థవారు ఆ రాత్రి తరువాత చేయదలచిన పనుల పట్టిక వ్రాసుకొన్నారు. అందులో ఒకటి చాలా చిన్నది. ఇంజనీరు ఏ తావులో ఉన్నాడో తెరయే అతనికి రంగుతో తెలియజేయాలి. స్టేజింగుకు పసుపు, ప్రొడక్షనుకు ఎరుపు. అది చదివినప్పుడు మా నడవ జ్ఞాపకం వచ్చినది. మా స్టూడియో తలుపుపైన ఆ దీపాన్ని ఎవరు ముందుగా పెట్టించినారో నాకు తెలియదు. ఆయన కూడా ఏదో ఒకనాడు, అందరూ వింటూ ఉండగా, తప్పు పలికిన వాడే అయి ఉంటాడు.